పలకమీది ఆట, పెట్టెలోని ఆట

మార్కాపురమనగానే తెలుగువానికి స్ఫురించునది పలక. నల్లమల కొండల తూర్పు పాదముననున్న ఈ సీమలో, నేల పొరలలో ఒదిగియున్న నల్లరాతిని తవ్వి, రేకులు రేకులుగా చీల్చి, నునుపుచేసి, నాలుగు కొయ్యపట్టెల నడుమ బిగించి దేశమంతటికి పంపగా, ఎన్ని తరముల పిల్లలు దానిపై ఓనమాలు దిద్దిరో లెక్కింప నెవరి తరము? భూగర్భశాస్త్రజ్ఞులు సైతము ఈ శిలాస్తరమునకు పొరుగూరైన కంభము పేరే పెట్టుకొన్నారు. అయితే ఆ పలకలపై పిల్లలు గీసినవి అక్షరములు మాత్రమే కావు. పంతులుగారి చూపు మరలినంతనే బలపముతో ఒక చదరము గీసి, అందులో అడ్డముగా నాలుగు, నిలువుగా నాలుగు గీతలు లాగినచో 25 గడుల అష్టాచెమ్మా సిద్ధమగును. చింతపిక్కలను బండపై అరగదీసి రెండుగా చీల్చినచో గవ్వలకు బదులగును. గాజుముక్కలో, కందిగింజలో కాయలగును. బడిగంట మ్రోగినంతనే తడిగుడ్డతో ఒకసారి తుడిచిన, ఆట జరిగిన జాడయే ఉండదు.

ఈ సుళువే మన ఆటలకు ప్రాణము, ఈ సుళువే వానికి గండము. గీయుటకు ఖర్చు లేదు గనుక ప్రతి యింటను ఆడిరి. తుడుచుటకు శ్రమ లేదు గనుక ఏ యింటను దాచలేదు. అరుగుమీద సుద్దతో గీసిన పులిజూదము వానకు పోయెను, వాకిట తవ్విన వామనగుంటలు అలుకుతో పూడెను. ఆట నియమములు మాత్రము అవ్వ నోటినుండి మనుమరాలి చెవికి, రచ్చబండ మీది వృద్ధుని నోటినుండి పక్కన కూర్చున్న కుఱ్ఱవాని చెవికి చేరుచు వచ్చినవి. ఆ నోరు మూతపడిననాడు ఏమగునన్న ప్రశ్న మనలో నెవరికిని తోచలేదు.

ఇందుకు సరిగా ఎదురునడక నడచు అభిరుచి యొకటి ఇటీవలి నాలుగైదు దశాబ్దములలో లోకమున ప్రబలినది. హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉద్యోగము చేయుచు, పండుగకు మార్కాపురం రోడ్డు స్టేషనులోనో గిద్దలూరు బస్టాండులోనో దిగిన యువకుని సంచిలో, అరిసెలకు ఖాళీయుంచవలసిన చోట, బరువైన అట్టపెట్టె యొకటి కనబడుట ఇప్పుడంత వింత గాదు. ఆ పెట్టెలో రంగురంగుల అట్టపలకలు, కొయ్యతో చేసిన చిన్నచిన్న మనుష్యులు, పేకముక్కల కట్టలు, వానితోపాటు పదునారు పుటలో ఇరువది పుటలో గల నియమపుస్తకము. వెల విచారించిన వేలలో చెప్పును. “ఇంత డబ్బు పోసి ఆట కొన్నావట్రా?” అని అమ్మమ్మ నొచ్చుకొనును, ఆ పెట్టె విప్పి నియమములు వివరించుటకే అరగంట పట్టును, అయినను రాత్రి భోజనములైన పిదప కుటుంబమంతయు ఆ పటము చుట్టు చేరి, పెద్దత్తయ్య సైతము “నా వంతు దాటేసినారేమి?” అని పోట్లాడు దృశ్యము చూచినవారికి, ఆ డబ్బు వ్యర్థము కాలేదని తోచును. ఇట్టి పెట్టెలను సేకరించుట, ఆడి చూచి వాని గుణదోషములను వ్రాయుట, ఇదియే నేడు లోకమంతట అనేకులకు విరామకాల వ్యాసంగమైనది.

బోర్డ్ గేమ్ అనగానే మనవారికి తోచునవి లూడో, పాములు–నిచ్చెనలు, వ్యాపారము. మొదటి రెండును మన పచ్చీసు, మన వైకుంఠపాళి సీమకు పోయి, వేషము మార్చుకొని తిరిగివచ్చినవే. లూడోకు ఇంగ్లండులో 1896లో పేటెంటు పుచ్చుకొనిరి. వ్యాపారమునకు మూలమైన మొనాపలీ చరిత్ర మరింత విచిత్రమైనది. భూస్వాముల అద్దెలు జనమునెట్లు దరిద్రులను చేయునో చూపుటకై లిజ్జీ మేగీ అను అమెరికను వనిత 1904లో పేటెంటు పొందిన ఆట యొకటి, చేతులు మారి మారి, 1935 నాటికి అద్దెలు వసూలుచేసి తోటివారిని దివాలా తీయించుటయే ఘనతగా చాటు ఆటయై లోకమంతట వ్యాపించెను. ఈ తరము ఆటలలో పాచికయే యజమాని. ఓడినవాడు మధ్యలోనే లేచి గోడకానుకొని కూర్చుండవలెను. మిగిలినవారి ఆట తెల్లవారుదాక సాగవచ్చును.

ఆధునికమని చెప్పబడు ఆటలు ఈ లోపములను సవరించుకొన్న ఆటలు. వానిలో పాచిక ఉన్నను, పడిన పందెమును ఎట్లు వినియోగింపవలెనో ఆటగాడు నిర్ణయించును. సాధారణముగా ఎవరును నడుమ వెలిపోరు. గంట, గంటన్నరలో ఫలితము తేలును. జర్మనీలో దంతవైద్యులకు కట్టుడుపళ్లు చేసియిచ్చు వృత్తిలోనుండిన క్లౌస్ టాయిబర్ 1995లో వెలువరించిన కాటాన్ అందుకు ప్రసిద్ధోదాహరణము. 19 షట్కోణపు పలకలను పేర్చిన నొక ద్వీపమగును. ఎడారిపలక తప్ప ఒక్కొక్క పలకలో కొయ్య, ఇటుక, ఉన్ని, ధాన్యము, లోహము ఏదో యొకటి పండును. రెండు పాచికలు వేయగా వచ్చిన మొత్తము ఏ పలకపై వ్రాసియున్నదో దాని మూలన ఇల్లు కట్టుకొన్నవానికి ఫలసాయము దక్కును. ఎవనికిని అన్నియు దక్కవు గనుక, “నాకు ఉన్ని మిగిలినది, నీ యిటుక యొకటి యిత్తువా?” అని బేరమాడక తప్పదు. కంభము సంతలో కందులకు బేరమాడిన వానికి ఈ ఆట నేర్పనక్కరలేదు. పాచిక వానవంటిది, ఎవరి చేతిలోను లేదు. ఇల్లెక్కడ కట్టుకొనవలెనను విచక్షణ మాత్రము మన చేతిలోనిది.

ఈ ఆటలు జర్మనీలోనే మొదట వర్ధిల్లుటకు సమీక్షకులే ముఖ్యకారకులన్నది గమనింపదగిన విషయము. పత్రికలలో ఆటలనుగూర్చి వ్రాయు విమర్శకులు 1978లో ఒక మండలిగా కూడి, ఏటేట ఒక ఆటకు ‘సంవత్సరపు ఆట’ యను బిరుదమీయ సంకల్పించిరి. 1979లో తొలి బహుమానము ఆంగ్లేయుడైన డేవిడ్ పార్లెట్ రచించిన కుందేలు–తాబేలు ఆటకు లభించెను. 1995లో కాటానునకు లభించెను. ఆ ముద్ర పడిన పెట్టె దుకాణములో నిలువదు గనుక, మంచి ఆట చేసినచో గుర్తింపు కలదన్న నమ్మకము రచయితలకు కలిగినది. రచయితలన్న మాట ఊరక వాడలేదు. 1988లో న్యూరెంబర్గు బొమ్మల సంతలో కలిసిన కొందరు ఆటల కర్తలు, పుస్తకముపై కవి పేరువలె పెట్టెపై తమ పేరు వేయని ప్రచురణకర్తకు తమ ఆట ఈయబోమని, గ్లాసు క్రింద వేయు అట్టముక్క పైననే ప్రతిజ్ఞ వ్రాసి సంతకములు చేసిరట. విమర్శయుండుటచేత కర్తలు నిలిచిరి. కర్తలుండుటచేత సాహిత్యమువలె ఆటలకును ఒక సంప్రదాయమేర్పడెను.

ఆటను సమీక్షించుట యెట్లు? ఒక్కసారి ఆడి వ్రాసినది పరిచయము మాత్రమే. సమీక్ష యనిపించుకొనవలెనన్న కనీసము మూడు నాలుగు సార్లు, ఇద్దరితో ఒకమారు, నలుగురితో ఒకమారు, కొత్తవారితో ఒకమారు ఆడి చూడవలెను. ఇద్దరి నడుమ పదునుగా సాగిన ఆట నలుగురు చేరినంతనే నీరసించుట కద్దు. నియమపుస్తకము సందేహములకు తావీయక చెప్పుచున్నదా, ఒకని వంతు ముగిసి మరల వచ్చువరకు ఎంతసేపు గోళ్లు గిల్లుకొనవలెను, భాగ్యమెంత బుద్ధియెంత, వెనుకబడినవానికి ఆశ మిగులునా, అన్నిటికంటె ముఖ్యముగా ఓడినవాడు “ఇంకొక ఆట వేయుదమా?” అని అడుగునా — ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పవలెను. చివరకు “బాగున్నది, బాగులేదు” అని తీర్పుచెప్పి ఊరకుండక, ఎవరికి బాగుండునో చెప్పవలెను. పదేండ్ల పిల్లలున్న యింటికి తగిన ఆట చదరంగపు వీరునికి చప్పగానుండవచ్చును. అది ఆట దోషము కాదు.

ఈ కొలబద్దతో మన యింటి ఆటలనే ఒకమారు కొలిచి చూతము. పులిజూదమునకు 23 స్థానముల పటము, మూడు పులులు, పదునైదు మేకలు. మేకలవాడు ఒక్కొక్క వంతుకు ఒక్కొక్క మేకను దింపును. అన్నియు దింపువరకు కదుపరాదు. పులి మేకపై దూకి ఆవలి ఖాళీస్థానమున వ్రాలినచో మేక చచ్చినట్లే. పులులన్నిటిని కదలనీయక కట్టివేసినచో మేకల గెలుపు. ఇందులో పాచిక లేదు, భాగ్యమునకు రవంత తావు లేదు; ఉభయపక్షముల బలమును వేరు, లక్ష్యమును వేరు. 2018లో వెలువడిన రూట్ అను అడవిజంతువుల యుద్ధక్రీడలో ఒక్కొక్క పక్షమున కొక్కొక్క విధమైన నియమములుండుటను సమీక్షకులు వేనోళ్ల పొగడిరి. ఆ సమరూపత లేని సమతూకమును మన పల్లె రచ్చబండలు ఎన్నడో ఎరుగును. ఇక లోపములు చెప్పవలెనన్న, కొత్తవాడు మేకలు పట్టినచో మొదటి పది యెత్తులలోనే మంద పలుచబడి నిరుత్సాహపడును. ఆడువారిద్దరే యైనను సలహాలిచ్చువారు పదిమంది యుందురు. ఈ రెండవదానిని లోపమనవచ్చునో లేదో పాఠకులే తేల్చుకొందురుగాక. నా తీర్పు: పండ్రెండేండ్లు దాటినవారికి, ఓపిక గలవారికి, అరగంట కాలమునకు ఇంతకు మించిన ఆట లేదు.

అష్టాచెమ్మా మాట వేరు. నాలుగు గవ్వలలో నోరు తెరచి పడినవి ఎన్నియో అన్ని గడులు కాయ జరుగును. నాలుగును వెల్లకిల పడిన చెమ్మా, అనగా నాలుగు. నాలుగును బోర్లపడిన అష్టా, అనగా ఎనిమిది. గవ్వ ఇటుపడుట అటుపడుట సమానమనుకొన్నచో, 16 విధములుగా పడు పందెములలో అష్టా ఒకటి, చెమ్మా ఒకటి, మూడు పడునవి నాలుగు, ఒకటి పడునవి నాలుగు, మిగిలిన ఆరును రెండులే. కాబట్టి శత్రువు కాయకు రెండు గడుల ముందు నిలుచుట అన్నిటికంటె ప్రమాదమని అవ్వ చెప్పు హితవు గణితశాస్త్ర సమ్మతమే. ఆమె దానిని లెక్కించి కాక, వేసవి మధ్యాహ్నములు వందలకొలది ఆడి తెలిసికొన్నది. అష్టా పడినవానికి మరియొక పందెము దక్కుటచే ఉత్సాహము చావదు. వెనుకబడిన కాయ చంపబడి మరల పుట్టుటచే ఆశయు చావదు. అయితే కాయలన్నియు పండువరకు ఒక్కొక్కప్పుడు ఆట మరీ సాగును. పిల్లలు, పెద్దలు కలిసి ఆడుటకు ఇది మేలైన ఆట.

వైకుంఠపాళిని మాత్రము ఈ కొలబద్ద కొలువజాలదు. అందులో ఆటగాడు నిర్ణయింపదగిన దొక్కటియు లేదు. పందెమెటు పోనిచ్చిన అటు పోవలెను. నేటి సమీక్షకుడు దానికి గుండుసున్న వేయును. కాని అది గెలుపుకొరకు చేసిన ఆట కాదు. పాపము పామై మ్రింగును, పుణ్యము నిచ్చెనయై మోయునని పిల్లలకు బోధించుటకు చేసిన పటము. కావున సమీక్షకుడు ఆటను కొలుచుటకు ముందు, అది ఎందుకొరకు పుట్టినదో తెలిసికొనవలెనన్న పాఠము ఈ పాతపటమే నేర్పుచున్నది.

ఇక సేకరణ. తపాలాబిళ్లలు సేకరించువానికి బిళ్లను చూచుకొనుటయే ఆనందము. ఆటలు సేకరించువానికి ఇంకొక బాధ్యత కలదు, తోడు నలుగురిని కూడా సేకరించుకొనవలెను. అది కుదురక, పెట్టెపై చుట్టిన పలుచని కాగితమైన విప్పని ఆటలు బీరువాలో పేరుకొనుట ఈ అభిరుచి గలవారందరు సిగ్గుతో ఒప్పుకొను వ్యాధి. కొత్త ఆట వచ్చినదనగానే పాతది ఆడకమునుపే కొనుట దాని మొదటి లక్షణము. మన ప్రాంతమునకు ప్రత్యేకమైన శత్రువులు మరి రెండు: చెదలు, ఎండలు. నేలకు, గోడకు తగులకుండ ఇనుప అరలలో పెట్టెలను నిలువుగా నుంచవలెను. పేకముక్కలకు పారదర్శకపు తొడుగులు తొడుగవలెను. కాయలను రంగులవారీగా చిన్నసంచులలో వేసి, ఎన్నియుండవలెనో ఒక చీటి వ్రాసి పెట్టెలోనే ఉంచవలెను. ఒక్క కాయ పోయిన వేల రూపాయల ఆట వెలవెలబోవును. అష్టాచెమ్మాలో కాయ పోయిన ఇంకొక కందిగింజ తెచ్చుకొందుము. ఈ తారతమ్యమును గమనించినవాడు కొనుగోలులో తొందరపడడు.

సేకరణ చరమఫలమేమో తెలియుటకు సిడ్ సాక్సన్ కథ చాలును. అమెరికాలో న్యూయార్కు నగరవాసియైన ఈయన ఆటలకు కర్త, సమీక్షకుడు, సంగ్రాహకుడు కూడ. ఈయన యింట సుమారు 18,000 ఆటలుండెడివని చెప్పుదురు. గోడలు కనబడక అరలే కనబడు ఆ సంగ్రహము వేలములో చెదరి పలువురి యిండ్లకు పోయెను. 2002లో ఈయన మరణించెను. మిగిలిన వేమి? 1969లో ఈయన ప్రచురించిన ఆటల నియమముల పుస్తకమొకటి. ఏనాడు ఏ ఆట ఎవరితో ఆడినదియు వ్రాసియుంచిన దినచర్యలు. ఆ దినచర్యలు నేడొక మ్యూజియములో భద్రముగా నున్నవి. పెట్టెలు చెదరినవి, వ్రాతలు నిలిచినవి.

దీనికంటె పురాతనమైన సాక్ష్యము మరియొకటి కలదు. 1920లలో లెనార్డ్ వూలీ మెసపొటేమియాలోని ఊర్ నగరపు రాజసమాధులను తవ్వినపుడు, నాలుగున్నర వేల ఏండ్లనాటి ఆటపటములు వెలువడెను. గవ్వపలుకులు పొదిగిన ఆ పటములు చూడ ముచ్చటగా నున్నవి, కాని ఎట్లాడవలెనో చెప్పువాడు లేడు. నోరులేని దేవతలవలె అవి గాజుటరలలో నిలిచినవి. ఆ ఆట వంశమునకు చెందిన నియమములను క్రీస్తుపూర్వము 177లో బాబిలోనియా లేఖకుడొకడు మట్టిపలకపై వ్రాసియుంచెను. ఆ పలక బ్రిటిష్ మ్యూజియము చేరగా, అందలి పండితుడు అర్వింగ్ ఫింకెల్ 1980లలో దానిని చదివెను. నాటినుండి ఆ ఆట మరల లోకమున ఆడబడుచున్నది. రత్నములు తాపిన పటము బ్రదికించలేని ఆటను ఒక మట్టిపలక బ్రదికించినది. పలకల ఊరివారికి ఈ మాట ఇంకెవరైన చెప్పవలెనా?

ఆటలను గ్రంథస్థము చేయుట మన దేశమునకు కొత్త కాదు. పండ్రెండవ శతాబ్దమున కల్యాణి చాళుక్యరాజైన మూడవ సోమేశ్వరుడు తన మానసోల్లాసమున రాజనీతితోపాటు చతురంగమునకు, పాచికలకు, గవ్వలాటలకు సైతము చోటిచ్చెను. మైసూరు ప్రభువు ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు స్వయముగా ఎన్నో పటములను కల్పించి, చిత్రింపించి దాచెను. మన కాలమున మద్రాసులో 2002లో ప్రారంభమైన క్రీడ యను సంస్థ పాత ఆటలను వెదకి, పటములుగా, పెట్టెలుగా తిరిగి వెలుగులోనికి తెచ్చుచున్నది. అయితే రాజులు వ్రాసినది రాజాంతఃపురపు ఆట. మన అరుగుమీది ఆటను మనమే వ్రాసుకొనవలెను.

పశ్చిమ ప్రకాశమనబడు మార్కాపురపు సీమలో ఈ పనికి ప్రత్యేకమైన సారస్యము కలదు. 1970లో ఒంగోలు కేంద్రముగా కొత్త జిల్లా ఏర్పడినపుడు, మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లానుండియు, పొదిలి, కనిగిరి, దర్శి ప్రాంతములు నెల్లూరు జిల్లానుండియు, ఒంగోలు గుంటూరు జిల్లానుండియు వచ్చి చేరినవి. ఈ మూడు సీమల మాటతీరులు కలియు చోట ఆటల పేర్లును, పద్ధతులును కలిసియుండుట సహజము. ఒకరికి పులిజూదమైనది ఇంకొకరికి పులి–మేక. ఒకరి అష్టాచెమ్మా ఇంకొకరి గవ్వలాట. ఎన్ని మేకలు చచ్చిన పులి గెలిచినట్లు? మూడు అష్టాలు వరుసగా పడిన పందెము చెల్లునా, కుళ్లునా? శత్రువు కాయను ఒకటైన చంపక లోపలి గడులలోనికి పోవచ్చునా? వామనగుంటలలో గుంటకెన్ని గింజలు? దాడి ఆటలో మూడు కాయలు వరుసగట్టిన పిదప ప్రత్యర్థి దాడిలోని కాయను తీయవచ్చునా, తీయరాదా? ఈ ప్రశ్నలకు కంభములో ఒక సమాధానము, బేస్తవారిపేటలో ఇంకొకటి వచ్చినచో, ఏది సరి యని వాదింపక రెండును వ్రాసికొనవలెను. ఆ భేదమే సంగ్రాహకునికి నిధి.

కాటాను కొనవద్దని నేననను. కొనుడు, ఆడుడు, పిల్లలతో పోట్లాడుడు. ఆ పెట్టెలోని నియమపుస్తకము ఎంత శ్రద్ధతో వ్రాయబడినదో, ఏ సందేహమును ఎట్లు ముందుగానే ఊహించి తీర్చినదో గమనింపుడు. పిదప ఆ శ్రద్ధనే అవ్వ ఆటపై చూపుడు. వచ్చు సంక్రాంతికి ఊరికి పోయినపుడు, ఇంటిలో పెద్దవారి నెవరినైన పట్టి, అరుగుమీద పటము గీయించి, వారితో రెండు మూడు ఆటలు ఆడి, ఓడి, పటమును కాగితముపై ఎక్కించి, పైన చెప్పిన ప్రశ్నలన్నియు అడిగి సమాధానములు వ్రాయుడు. దీనికి వేలు ఖర్చుకావు. ఒక నోటుపుస్తకము, ఒక మధ్యాహ్నము చాలును. పుట పైభాగమున ఊరిపేరు, చెప్పినవారి పేరు, తేదీ వేయుట మాత్రము మరువకుడు.